మీ లెక్కలోకి రాని పంట

నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,
జిల్లా ఉద్యాన, మార్కెటింగ్ శాఖల అధికారులకు,
నంద్యాల, ఆళ్లగడ్డ పురపాలక కమిషనర్లకు,

అయ్యలారా, అమ్మలారా,



వేసవిలో గాలివాన వచ్చిందంటే మహానంది, గాజులపల్లె చుట్టుపక్కల గెలలేసిన అరటి తోటలు నేలకొరుగుతాయి. వెంటనే మీ సిబ్బంది తోటల్లోకి దిగుతారు, సర్వే నంబర్లు రాసుకుంటారు, ఎన్ని ఎకరాలు పోయాయో నివేదిక పైకి వెళ్తుంది. అది మీరు చేయవలసిన పని, చేస్తున్నారు. మరి గాలి పడగొట్టని పంట సంగతేమిటి? ధర లేక చెట్టు మీదే పండి రాలిన గెల, లారీలో నలిగి మండీలో ఒక మూలకు విసిరేసిన గెల, కోత కూలి కూడా రాదని ట్రాక్టరుతో దున్నేసిన టమాటా, వానకు తడిసి కుప్పలోనే మొలకెత్తిన ఉల్లి, గెల కోశాక కాలువ గట్టు మీద గుట్టలుగా పడి కుళ్లే అరటి బోదె. వీటిని రాసుకునే రిజిస్టరు మీ కార్యాలయాల్లో ఏదైనా ఉందా? ఉంటే దాన్ని చూసుకునే అధికారి ఎవరు?

నేను ఒప్పుకోలేకపోతున్నది మీ శాఖలన్నింటిలోనూ పాతుకుపోయిన ఒక ధోరణిని. పొలంలో ఉన్నంతసేపూ పంట రైతుది. మండీకి వస్తే వ్యాపారిది. కుళ్లి రోడ్డు మీద పడితే మున్సిపాలిటీది. మురుగు కాలువలో పడితే ఇరిగేషన్ వాళ్లది. ఏ శాఖనడిగినా వేలు పక్క శాఖ వైపే చూపిస్తుంది. ఒకే అరటి గెల తోట నుంచి చెత్తకుప్ప దాకా నాలుగు శాఖల గుమ్మాల ముందుగా ప్రయాణం చేస్తే, నలుగురిలో ఒక్కరూ దాన్ని తమదని అనకపోవడం ఎలాంటి పాలన? నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పుడు పాలన ప్రజలకు దగ్గరవుతుందన్నారు. దగ్గరకు రావడమంటే కలెక్టరేట్ బోర్డు కర్నూలు నుంచి నంద్యాలకు మారడం ఒక్కటేనా?

2025 సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. వేసవిలో చిత్తూరు వైపు తోతాపురి మామిడి రైతులు ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లతో బారులు తీరారు. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన చేతి నుంచి కలిపింది. ఆ తర్వాత కర్నూలు ఉల్లి ధర పడిపోయింది. క్వింటాలు 1,200 రూపాయలకు మార్క్‌ఫెడ్ చేత కొనిపించారు, ఆపైన హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించారు. ఏడాది చివరికి అనంతపురం, కడప అరటి రైతుల వంతు వచ్చింది. కష్టంలో ఉన్న రైతు చేతిలో డబ్బు పెట్టడాన్ని నేను తప్పు పట్టను. ఇంకా ముందే ఇవ్వాల్సిందనే అంటాను. కానీ ఆ డబ్బు ఒక్క బస్తా ఉల్లిని కూడా కుళ్లకుండా ఆపలేదు. ఖరీఫ్ ఉల్లిలో తేమ ఎక్కువ. బాగా ఆరకపోతే ఎవరు కొన్నా అది నిల్వకు ఆగదు. మార్క్‌ఫెడ్ కొన్నంత మాత్రాన దాని స్వభావం మారుతుందా? ధర పడినప్పుడల్లా ఖజానా తెరిచి, పంట పాడైనప్పుడల్లా కళ్లు మూసుకుంటే వచ్చే ఏడు మళ్లీ ఇదే కదా?

దేశం మొత్తం మీద లెక్కలు లేకపోలేదు. లూధియానాలోని కేంద్ర కోత అనంతర ఇంజినీరింగ్ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోత మొదలు అమ్మకం దాకా టమాటాలో 12.44 శాతం, ఉల్లిలో 8.20 శాతం, అరటిలో 7.76 శాతం పోతోంది. అన్ని పంటల నష్టం కలిపి 92,651 కోట్ల రూపాయలు. నాబార్డు అనుబంధ సంస్థ 2022లో చేసిన అధ్యయనానికి ఆ విలువ 1,52,790 కోట్లకు చేరింది. ఇవి ఢిల్లీలో చదువుకునే అంకెలు. మనకు కావలసింది వేరు. ఆ జాతీయ లెక్క కోతతోనే మొదలవుతుంది. కోయకుండా దున్నేసిన ప్యాపిలి టమాటా అందులో ఉండదు. గెల పోయాక మిగిలిన బోదె అందులో ఉండదు. నంద్యాల జిల్లాలో ఏ పంట, ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎంత వృథా అయిందో మీరు చెప్పగలరా? ఎంత పోతోందో తెలియనప్పుడు ఎంత తగ్గించాలో ఎలా నిర్ణయిస్తారు?

ముందు అరటి బోదె గురించే మాట్లాడతాను. ఈ ప్రాంతంలో కంటికి ఎదురుగా ఉండి ఎవరికీ కనపడని వ్యర్థం అదే.

అరటి చెట్టు ఒక్కసారే గెలేస్తుంది. గెల కోశాక ఆ చెట్టుతో పని ఉండదు. ఎకరాకు 1,200 దాకా చెట్లు పెట్టే తోటలో ఒక పంట తీసేసరికి అన్ని బోదెలూ మిగులుతాయి. హెక్టారుకు 60 నుంచి 80 టన్నుల పచ్చి బోదె వస్తుందన్నది పరిశోధనా సంస్థలు చెప్పే మాట. మన లెక్కలో ఎకరాకు పాతిక, ముప్ఫై టన్నులు. అందులో తొంభై శాతం పైగా నీరే. కత్తితో అడ్డంగా నరికితే పొరలు పొరలుగా అరలు కనిపిస్తాయి, అరల నిండా రసం. ఆ రసం బట్టకు అంటుకుంటే ఎన్నిసార్లు ఉతికినా పోని గోధుమరంగు మరక మిగులుతుంది. చల్లగా, బరువుగా ఉంటుంది. ఒక మనిషి ఒక బోదెను భుజానికెత్తుకుని బురదలో నడవడమే కష్టం. పిలక పంట ఉంచుకునే తోటల్లో తల్లి బోదెను ఒక్క దెబ్బకు నరక్కుండా నిలబెడతారు. అందులోని సారం మెల్లగా పిలకకు దిగుతుందని మన తోటమాలులకు ఏ పుస్తకమూ చెప్పనవసరం లేదు. చిక్కంతా తోట తీసేసి మళ్లీ వరికో పసుపుకో పొలం సిద్ధం చేసేటప్పుడు వస్తుంది. నీళ్లు వదిలే రోజు దగ్గర పడుతుంటుంది, మడి ఖాళీ కావాలి. అంత బరువును ఎక్కడికి మోస్తారు? గెనెం మీదకు, రోడ్డు పక్కకు, కేసీ కాలువ గట్టు మీదకు. ఎండితే నిప్పు, తడిస్తే కంపు.

అక్కడితో అయిపోదు. నరికి పడేసిన బోదెల్లో ముక్కుపురుగు గుడ్లు పెడుతుంది. ఒక రైతు గట్టు మీద వదిలేసిన కుప్పలో పెరిగిన పురుగు పక్క రైతు పచ్చని తోటలో బోదెను తొలుస్తుంది. ఆ రైతు మళ్లీ మందుల దుకాణానికి పరుగెత్తాలి. ఇది ఒకరి సొంత చెత్త సంగతి ఎలా అవుతుంది?

ఆ బోదెలో ఏముందో కూడా చూడండి. అరటి పొటాషియంను విపరీతంగా తాగే పంట. ఆ పొటాషియంలో చాలా భాగం బోదెలోనూ ఆకుల్లోనూ ఉండిపోతుంది. మనం వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మొత్తం విదేశాల నుంచి ఓడల్లో వచ్చేదే. రైతు అప్పు చేసి బస్తా కొని తోటకు వేసిన పొటాష్‌ను, పంట అయిపోగానే కాలువ గట్టు మీద పారబోస్తున్నాం. మళ్లీ పంటకు మళ్లీ బస్తా. రైతును వృథా చేయొద్దని ఉపన్యాసం చెప్పే ముందు ఆ బోదెను ముక్కలు చేసి అదే మడిలో కలిపే యంత్రం అతనికి అందుబాటులో ఉందో లేదో చూడవలసింది మీరే కదా? వరి కోత యంత్రాలు అద్దెకు ఊరూరా దొరుకుతున్నాయి. బోదె తురిమే యంత్రం ఎన్ని ఊళ్లలో దొరుకుతుంది? మహానంది, బండి ఆత్మకూరు, గోస్పాడు, శిరివెళ్ల, రుద్రవరం, ఆళ్లగడ్డ మండలాల్లో తోటలు ఎప్పుడు తీస్తారో మీ ఉద్యాన సహాయకులకు ముందే తెలుసు. ఆ వారానికి ఆ యంత్రం ఆ ఊరికి చేరేలా చూడటానికి ఇంకెవరి అనుమతి కావాలి?

విజ్ఞానం దూరంగా ఉందని అనడానికి కూడా వీల్లేదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది, ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది. యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధనా కేంద్రం 1993 నుంచి ఒక్క అరటి మీదే పనిచేస్తోంది. గుజరాత్‌లోని నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం బోదె రసంతో ద్రవ ఎరువు తయారు చేసే పద్ధతిని రూపొందించి రైతుల దాకా తీసుకెళ్లింది. బోదె పట్టల నుంచి నార తీసి సంచులు, చాపలు అల్లే పని దేశంలో చాలా చోట్ల మహిళా సంఘాలు చేస్తున్నాయి. నార ఒక్కటే అన్నిటికీ మందు అని నేననను. బోదె బరువులో దక్కే నార చాలా కొంచెం. దాన్ని కొనే మనిషి లేకుండా యంత్రం ఇస్తే అది సంఘం గదిలో తుప్పు పడుతుంది. అందుకే నార పోగా మిగిలిన పిప్పి ఎరువుకు, రసం పొలానికి వెళ్లేలా మొత్తం గొలుసు ఒకేచోట కుదరాలి. వీటిలో ఇన్ని సంస్థలు మన జిల్లాలోనే ఉండగా వాళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగల పదవి ఎవరిది, కలెక్టర్ గారూ?

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. పనామా తెగులు సోకిన తోటలోని బోదెను మరో తోటకు ఎరువుగా పంపితే తెగులును మనమే మోసుకెళ్లినట్టు. సిగటోకా మచ్చల ఆకుల విషయంలోనూ ఆ జాగ్రత్త ఉండాలి. ఏ బోదె మడిలో కలపవచ్చో, దేన్ని ఉన్నచోటే పూడ్చాలో చూసి చెప్పే చదువుకున్న కన్ను కావాలి. ఆ పని మీ ఉద్యాన శాఖది, రైతుది కాదు. గెలలకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు, మల్చింగ్ షీట్లు, చీకిపోయిన డ్రిప్ పైపులు వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా సబ్సిడీ ఇచ్చిన రోజే చేయాలి. మంజూరు కాగితంలో కొనడానికి సాయం ఉంది, పారేయడానికి దారి లేదు. ఆ ప్లాస్టిక్ మన మట్టిలోనే ముక్కలవుతోంది.

మా తాతల కాలంలో ఇంత వృథా లేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఎండిన పసుపాకే పొయ్యిలోకి పోయేది. అరటాకు విస్తరి అయ్యేది, తిన్నాక ఆవుకు పోయేది. కాడెద్దులున్న ప్రతి ఇంటికీ ఒక దిబ్బ ఉండేది. మిగిలినదంతా అక్కడికి చేరి మళ్లీ చేనుకే వెళ్లేది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దులు పోయాక దిబ్బలు పోయాయి. కూలి పెరిగింది, కాలం తగ్గింది. పాతకాలం మళ్లీ రమ్మంటే రాదు. పోయిన ఆ దిబ్బ స్థానంలో ఊరికొక ఏర్పాటు చేయవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వం మీద పడింది. దాన్ని మీరు ఎప్పుడు తీసుకుంటారు?

ఇక మండీ సంగతి. పచ్చి గెలలను లారీలో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మధ్యలో కాసిని ఎండాకులు వేస్తారు. అడుగు వరుస గెల మీద పై వరుసల బరువంతా పడుతుంది. దింపేటప్పుడు పచ్చగానే కనిపిస్తుంది. రెండు రోజుల తర్వాత మాగబెట్టే గదిలో నలిగిన చోటల్లా నల్లబడుతుంది. అప్పటికి రైతు ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. అయినా ఆ నష్టాన్ని ముందే అతని దగ్గర కోసేసి ఉంటారు. దాని పేరు తరుగు. అరటిలో తరుగు, టమాటాలో తరుగు, ఉల్లిలో తరుగు. సరుకు పేర్చిన వాడు, దింపిన వాడు, మోసిన లారీ, వీళ్లెవరికీ లేని నష్టం రైతుకు మాత్రమే ఉంటుంది. నలిపిన చేయి ఒకటి, నష్టపోయిన జేబు మరొకటి అయినప్పుడు జాగ్రత్తగా మొయ్యాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

మార్కెటింగ్ శాఖ అధికారులను అడుగుతున్నాను. కాటా చీటీ మీద బరువు, ధర రాస్తున్నట్టే తరుగు ఎంత పట్టారో, ఎందుకు పట్టారో రాయించడం అంత కష్టమా? తరుగు కింద తీసేసిన సరుకు ఏమైందో అడిగారా? అందులో తినదగినది మళ్లీ చిల్లర బండ్ల మీదకు వెళ్తోందా? వెళ్తే దాని డబ్బు ఎవరికి చేరింది? ప్లాస్టిక్ క్రేట్లు వాడితే టమాటా నలగదని తెలియనివాళ్లు లేరు. అయితే ఖాళీ క్రేటు తిరిగి రైతు ఊరికి చేరే ఏర్పాటు లేకపోతే అతను ఎందుకు వాడతాడు? శీతల గిడ్డంగి కడితే అన్నీ తీరతాయన్న మాట కూడా తరచుగా వింటున్నాం. అరటిని 13 డిగ్రీల కంటే చల్లగా పెడితే తొక్క నల్లబడి సరుకు చెడుతుంది. మిర్చి బస్తాలకు కట్టిన గిడ్డంగి అరటికి పనికిరాదు. ఏ పంటకు ఏ చల్లదనమో ముందు నిర్ణయించకుండా కట్టే గోడల వల్ల కాంట్రాక్టర్లకు తప్ప ఎవరికి లాభం?

పక్కనున్న అనంతపురం జిల్లా ఏం చేయగలిగిందో మనకు తెలుసు. 2020 జనవరి చివర తాడిపత్రి స్టేషన్ నుంచి 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ముంబై రేవుకు వెళ్లింది, అక్కడి నుంచి విదేశానికి ఎక్కింది. ఆ ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయల్దేరింది. అక్కడ గెలను నేలకు తగలనివ్వకుండా తెచ్చి, హస్తాలు విడదీసి, కడిగి, పెట్టెల్లో సర్దే పద్ధతి వచ్చింది. అదే అనంతపురంలో 2025 చివర ధర పడేసరికి రైతు మళ్లీ దిక్కు తోచక నిలబడ్డాడు. ఎగుమతి ఒక్కటే కాపాడదని తేలింది కదా. పంట ఎక్కువై ధర పడిన వారం ఏం చేయాలన్న పథకం ముందే బల్ల మీద ఉండాలి.

ఆ పథకంలో మొదటి మాట మనుషుల కడుపు కావాలి. ఇది ఉయ్యాలవాడ ఉన్న జిల్లా. 1866 కరువులో వేల మందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి ఆ ఊరివాడు. ఆయన పేరు చెప్పుకునే నేలలో పండిన పండు చెట్టు కిందే కుళ్లడం, అదే మండలంలో హాస్టల్ పిల్లలకు వారంలో ఎన్నిసార్లు పండు అందుతుందో ఎవరూ అడక్కపోవడం ఎలా సరిపోతుంది? డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం నడుస్తోంది. అన్న క్యాంటీన్లు ఉన్నాయి. సంక్షేమ హాస్టళ్లు, అంగన్‌వాడీలు ఉన్నాయి. అరటి ధర ఫలానా అంకె కంటే కిందకు జారితే ఆ రోజు నుంచే జిల్లాలోని హాస్టళ్లన్నీ తోటల నుంచి నేరుగా కొనాలని ఒక శాశ్వత ఉత్తర్వు ఇవ్వలేరా? చెడిపోయినవి పేదలకు పెట్టమని నేను అడగడం లేదు. మంచి పండు, ధర లేనందుకే మిగిలిన పండు, చెడకముందే పిల్లల చేతికి చేరాలి. మనిషి తినలేనిది పశువుకు, పశువు తినలేనిది మట్టికో గ్యాస్‌కో వెళ్లాలి. ఈ వరుస తారుమారు కాకూడదు.

కమిషనర్ గార్లకు రెండు మాటలు. నంద్యాల పురపాలక సంఘం 1899 నాటిది. అంత అనుభవం ఉన్న పట్టణం కూరగాయల మార్కెట్ చెత్తను ఇళ్ల చెత్తతో కలిపి ఒకే బండిలో తోలుకుపోవడం న్యాయమేనా? సాయంత్రం మార్కెట్ కట్టేశాక చూడండి. క్యాబేజీ పైఆకులు, కాలీఫ్లవర్ కాడలు, ముల్లంగి ఆకు, పగిలిన టమాటాలు, వాటి మధ్యనే పాలిథిన్ కవర్లు. ఆవులు వచ్చి ఆకుతో పాటు కవరునూ మింగుతాయి. వాన వస్తే అదంతా చామకాలువ వైపు, మద్దిలేరు వైపు, చివరికి కుందూ దాకా పోతుంది. ఆళ్లగడ్డలో అయితే వక్కిలేరు. వరదొచ్చినప్పుడు కాలువలు పూడిపోయాయని అందరం అంటాం. పూడ్చింది ఏమిటో మనకు తెలియదా?

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే కూరగాయలు, పండ్లు, పూల మార్కెట్ల వ్యర్థాన్ని స్థానిక సంస్థ ఏ రోజుకా రోజు సేకరించాలని, మార్కెట్లోనో ఆ దగ్గరలోనో కంపోస్టు లేదా బయోగ్యాస్ కేంద్రాలను ప్రోత్సహించాలని విడిగా చెప్పాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో అది చేసి చూపించారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో కట్టిన ఆ కేంద్రం రోజుకు 10 టన్నుల మార్కెట్ వ్యర్థంతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల జీవ ఇంధనం ఇస్తోందని 2021 జనవరి 31న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో చెప్పారు. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను చెత్త దిబ్బలకు తోలడం నిషేధించింది. నంద్యాలకు బోయిన్‌పల్లి అంత పెద్ద కేంద్రం అక్కర్లేదేమో. ఆళ్లగడ్డకు మంచి కంపోస్టు గుంతలే చాలేమో. ఎంత వస్తుందో తూచితే కదా తెలిసేది? ఇంకో సంగతి. ఇలాంటి కేంద్రాలు మూతపడటానికి కారణం సాధారణంగా యంత్రం కాదు. అందులో పోసే చెత్తలో కవర్లు, ఇసుక, రాళ్లు కలవడం. అంటే పని మార్కెట్లోనే, బండి దగ్గరే మొదలవ్వాలి. అక్కడ తడి చెత్త విడిగా తీసే పారిశుద్ధ్య కార్మికులకు చేతి తొడుగులు, సమయానికి జీతం ఇవ్వకుండా ఈ పని జరగదు.

2025 జనవరి 18న ముఖ్యమంత్రి స్వచ్ఛాంధ్ర కార్యక్రమం మొదలుపెట్టింది మైదుకూరులో. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుపోయిందని, దాన్ని ఆ అక్టోబరు 2 నాటికి తొలగిస్తామని చెప్పారు. పాత గుట్టలు తవ్వడానికి కోట్లు పెడుతున్నప్పుడు కొత్త గుట్టలు పుట్టకుండా చూడటం అంతకంటే చవక కాదా? ప్రతి మూడో శనివారం మీరంతా వీధుల్లోకి వస్తున్నారు. ఒక మూడో శనివారం మహానంది రోడ్డు మీద అరటి తోటల మధ్య, ఇంకో శనివారం ప్యాపిలి టమాటా మార్కెట్లో, మరొకటి ఆళ్లగడ్డ కూరగాయల సంతలో ఎందుకు పెట్టకూడదు?

ఇంకొక ప్రశ్న ఈ రాష్ట్ర విధానం గురించి. రాష్ట్రంలో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు, 65 వేల కోట్ల పెట్టుబడి అన్న ఒప్పందం 2024లో రిలయన్స్‌తో కుదిరింది. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి ఆ గడ్డితో గ్యాస్ తీయాలన్నది ప్రధాన ఆలోచన. మంచిదే. గడ్డి పెంచడానికి భూమి, నీళ్లు, కూలి కావాలి. మన దగ్గర నీళ్లు తాగి, ఎరువు తిని, పెరిగి, నరికి పడేసిన జీవపదార్థం లారీలకొద్దీ ఉంది. బోదెలో నీళ్లు ఎక్కువ, దూరం మోస్తే ఖర్చు గిట్టదన్నది నిజం. అందుకే ప్లాంటు తోటకు దగ్గరగా, చిన్నగా ఉండాలి. ఆ మాట జిల్లా తరఫున అమరావతికి ఎవరు చెప్పారు?

ప్రాసెసింగ్ యూనిట్లు కావాలని మేమంతా ఏళ్లుగా అడుగుతున్నాం. పత్తికొండ టమాటా యూనిట్ మాట ఎన్నికలొచ్చినప్పుడల్లా వినపడుతుంది. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గుజ్జు ఫ్యాక్టరీలు మాత్రం చిత్తూరు వైపే ఉన్నాయి. యూనిట్లు రావాలి. వచ్చేటప్పుడే రెండు సంగతులు తేల్చండి. మన రైతులు పండించేది కూరకు వాడే టమాటా. గుజ్జుకు చిక్కదనం ఎక్కువున్న రకం కావాలి. ఆ విత్తనం, ఆ ధర ముందే కుదుర్చుకోకపోతే ఫ్యాక్టరీ పక్కనే టమాటా పారబోసే రోజు వస్తుంది. రెండోది, మామిడి బరువులో మూడో వంతుకు పైగా తొక్క, టెంకె. గుజ్జు తీశాక అదంతా ఎక్కడికి పోతుంది, కడిగిన పుల్లటి నీళ్లు ఏ వాగులో కలుస్తాయి? శంకుస్థాపన ఫలకం మీద పేర్లు చెక్కించే ముందు ఈ జవాబు కాగితం మీద పెట్టించండి. నీళ్ల మాటకొస్తే, 1860ల్లో తవ్వడం మొదలుపెట్టిన కేసీ కాలువ నీటి కోసం ఇప్పటికీ ఏటా గొడవపడే సీమ ఇది. ఒక గెల కుళ్లితే ఆ గెల తాగిన నీళ్లన్నీ పోయినట్టే. కాలువ చివరి ఊళ్ల రైతు ముఖం చూసి ఆ మాట ఎవరైనా తేలిగ్గా తీసుకోగలరా?

మీ నుంచి నేను కోరేది పెద్ద బడ్జెట్ కాదు. కలెక్టర్ గారూ, తోట నుంచి డంపింగ్ యార్డు దాకా పండ్లు, కూరగాయల వృథాకు బాధ్యుడిగా ఒక్క అధికారిని పేరు పెట్టి నియమించండి, నాలుగు శాఖలూ అతనికి లెక్క చెప్పాలని ఉత్తర్వులో రాయండి. మహానంది తోటల్లో, ప్యాపిలి మార్కెట్లో, నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో ఒక్క పంటకాలం పాటు వృథాను తూకం వేయించండి. వ్యవసాయ కళాశాల విద్యార్థులకు అది చదువులో భాగంగా ఇవ్వవచ్చు. ఉద్యాన శాఖవారూ, తోటలు తీసే కాలానికి ముందే బోదె తురిమే యంత్రాల జాబితా, వాటి అద్దె, ఫోన్ చేయాల్సిన నంబరు రైతు సేవా కేంద్రాల గోడ మీద రాయించండి. మార్కెటింగ్ శాఖవారూ, తరుగును కాటా చీటీకి ఎక్కించండి. కమిషనర్ గార్లూ, మార్కెట్ తడి చెత్తకు విడి బండి పెట్టండి, అది ఎక్కడికి వెళ్తుందో, ఎన్ని కిలోలు వెళ్లిందో వారం వారం మార్కెట్ గేటు దగ్గర బోర్డు మీద రాయండి.

వీటిలో దేనికి ఎవరి అభ్యంతరం ఉందో, ఏ శాఖ ఏ కారణంతో చేయలేనంటుందో, ఈ లేఖ చేరిన నెలలోపు బహిరంగంగా జవాబు చెప్పండి. సోమవారం గ్రీవెన్స్ రోజున నా ఒక్కడికి ఇచ్చే రసీదు వద్దు. గాజులపల్లె రైతు, ఆళ్లగడ్డలో కూరగాయలు అమ్ముకునే అమ్మ, నంద్యాల పారిశుద్ధ్య కార్మికుడు ముగ్గురూ చదివేలా తెలుగులో, మీ సంతకంతో ఇవ్వండి.

ఇట్లు,
నంద్యాల–ఆళ్లగడ్డ ప్రాంతపు పంట తిని బతికే ఒక పౌరుడు